పెరట్లో దొరికిన పళ్ల చక్రం ఏ బండిది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండకు దగ్గరి పల్లె. వానలు పడ్డాక పెరట్లో మామిడి మొక్క పెట్టడానికి గుంత తీయిస్తుంటే, మోకాలి లోతు దాటిన తర్వాత గడ్డపారకు ఇనుము తగిలింది. తీసి చూస్తే పళ్లున్న గుండ్రటి చక్రం. ఒక చేత్తో ఎత్తితే మణికట్టు లాగేంత బరువుంది. అంచు నుంచి అంచుకు ఎనిమిదిన్నర అంగుళాలు, నడుమ పెద్ద ఖాళీ. పళ్లు చుట్టూ అంచున కాకుండా ఒక ముఖం మీద, వంపు తిరిగి ఉన్నాయి. పక్కపక్కనే ఉన్న రెండు పళ్లు విరిగిపోయాయి. విరిగినవాటి మొదళ్లతో కలిపి లెక్కపెడితే మొత్తం 43 పళ్లు. వెనక వైపు చదునుగా ఉండి, చుట్టూ మరలున్న రంధ్రాలు పది ఉన్నాయి. తుప్పు పెచ్చు ఊడిన చోట 43, 8 అనే అంకెలు కనిపిస్తున్నాయి. పోలీసు చర్య నాటి మిలిటరీ జీపుదై ఉంటుందని మా మామగారు అంటున్నారు. ఇరుగుపొరుగువారు బాంబు సామానేమో, ముట్టుకోవద్దంటున్నారు. అసలు ఇది ఏమిటి? రెండు పళ్లు పోయినంత మాత్రాన ఇంత గట్టి చక్రాన్ని మట్టిపాలు ఎందుకు చేశారు? తుప్పు ఎలా వదిలించాలి?
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీకు దొరికింది జీపు వెనక యాక్సిల్‌లో ఉండే క్రౌన్ వీల్. లోపల బోలు లేని గట్టి ఉక్కు చక్రం కాబట్టి అందులో పేలడానికి ఏమీ లేదు, ఇంట్లో ఎవరూ భయపడనక్కరలేదు. మీ మామగారు జీపు అన్న మాట నిజం. మిలిటరీ జీపు అన్న మాటను మాత్రం మీరు పంపిన కొలతలు కాదంటున్నాయి. విరిగిన పళ్ల మొదళ్లను కూడా కలిపి లెక్కపెట్టి మీరు ఎంతో మేలు చేశారు. చాలామంది వాటిని వదిలేసి 41 అని రాస్తారు, దానితో వెతకవలసిన బండే మారిపోతుంది.

పాత ఇనుప చక్రం చేతికి వచ్చినప్పుడు మొదట చూడవలసింది పళ్లు ఎక్కడున్నాయి, ఏ వాలులో ఉన్నాయి అన్నది. మన వైపు పాత బావుల దగ్గర, దొడ్లలో మట్టిలో దొరికే చక్రాల్లో ఎక్కువ భాగం బండ్లవి కావు. కరెంటు మోటార్లు రాకముందు నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్లవి, చొప్ప కోసే మిషన్లవి, చెరుకు గానుగలవి. వాటిలో పెద్ద గేర్లు సాధారణంగా పోత ఇనుముతో చేసినవి, పళ్లు తిన్నగా, మోటుగా ఉంటాయి. ఒక ముఖం మీద పళ్లు దిద్ది, ఆ పళ్లన్నీ ఒకే వైపుకు వంపు తిరిగి ఉంటే అది మోటారు బండి ఇరుసులోదేనని దాదాపుగా తేల్చుకోవచ్చు. ట్రాక్టరులోనూ, లారీలోనూ ఇటువంటి చక్రమే ఉంటుంది గానీ, లారీది అడుగుకు మించిన వెడల్పుతో, ఒక మనిషి రెండు చేతులా ఎత్తవలసినంత బరువుతో ఉంటుంది. ఇంకా అనుమానం మిగిలితే చిన్న ఆకురాయి తీసుకుని ఒక పంటి అంచు మీద రుద్ది చూడండి. పోత ఇనుమైతే ఆకురాయి పట్టుకుని నల్లటి పొడి రాలుతుంది. క్రౌన్ వీల్ పంటి మీద మాత్రం అది కొరకకుండా జారిపోతుంది, ఎందుకంటే లోపలి ఉక్కు సాగే గుణంతో ఉండేటట్లు, పైపొర మాత్రం బాగా గట్టిపడేటట్లు దాన్ని కాల్చి పదును పెడతారు.

ఈ చక్రం చేసే పని ఇది. ఇంజన్ శక్తిని మోసుకొచ్చే షాఫ్టు బండి పొడుగునా వెనక్కి వస్తుంది, చక్రాల ఇరుసు మాత్రం అడ్డంగా ఉంటుంది. ఆ పొడుగు తిరుగుడును అడ్డ తిరుగుడుగా మార్చడానికి షాఫ్టు చివర పీనియన్ అనే చిన్న పళ్ల ముక్క, దానికి ఎదురుగా ఈ పెద్ద చక్రం ఉంటాయి. జీపు వెనక నుంచి వంగి చూస్తే రెండు చక్రాల నడుమ ఇరుసు ఒకచోట గుండ్రంగా ఉబ్బి కనిపిస్తుంది కదా, ఆ ఉబ్బులోనే ఇవి గేరాయిలులో మునిగి తిరుగుతుంటాయి. మీరు చూసిన పది రంధ్రాలు చక్రాన్ని డిఫరెన్షియల్ పెట్టెకు, అంటే రెండు వైపుల చక్రాలకూ బలాన్ని పంచే పెట్టెకు, బిగించిన బోల్టులవి. వాటి మరలు అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు, అంటే మూడు సూతుల బోల్టుకు సరిపోవాలి. అంగుళానికి 24 చుట్లుండే సన్న మర అది. ఇనుప సామాను కొట్టులో అటువంటి బోల్టు ఒకటి తెచ్చి, రంధ్రాన్ని కిరసనాయిలుతో కడిగి, వేళ్లతో తిప్పి చూడండి. బలవంతం లేకుండా ఎక్కితే నేను చెబుతున్నదానికి మరొక సాక్ష్యం దొరికినట్టే.

ఇప్పుడు అసలు సంగతికి, ఆ రెండు అంకెలకు వస్తాను. 43 అన్నది ఈ చక్రం పళ్లు, 8 అన్నది దాని జత అయిన పీనియన్ పళ్లు. 43ను 8తో భాగిస్తే 5.375 వస్తుంది. అంటే షాఫ్టు అయిదు చుట్లకు పైగా తిరిగితేనే వెనక చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గిపోయినా లాగే బలం పెరుగుతుంది. ఈ అంకెల ఎంపికలో ఒక గొప్ప ఆలోచన ఉంది. 43కూ 8కీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు కాబట్టి, పీనియన్ మీది ప్రతి పన్నూ వంతులవారీగా చక్రం మీది ప్రతి పంటినీ తాకి, 43 చుట్లు తిరిగాకే మళ్లీ మొదటి పంటి దగ్గరికి వస్తుంది. అందువల్ల ఒకే రెండు పళ్లు ఎప్పుడూ ఒకదాన్నొకటి తినేయకుండా, అరుగుదల అన్ని పళ్లకూ సమానంగా పంచుకుపోతుంది. గేర్లు చేసేవారు పళ్ల లెక్కను గుండు సంఖ్యల్లో కాకుండా ఇలా ఎంచుకోవడానికి ఇదే కారణం.

రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి 1945 వరకు ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. వాటిని విలీస్ కంపెనీ, అదే నమూనా మీద ఫోర్డ్ కంపెనీ చేశాయి. ఆ యుద్ధ జీపుల్లో క్రౌన్ వీల్‌కు 39 పళ్లు, పీనియన్‌కు 8 పళ్లు. 1945లోనే విలీస్ పౌరుల వాడకానికి, ముఖ్యంగా పొలం పనులకు ఉద్దేశించి మరో జీపు తెచ్చినప్పుడు, బరువు లాగడం ముఖ్యమని లెక్కను 43కూ 8కీ మార్చింది. తర్వాత చాలా ఏళ్లపాటు పౌర జీపుల్లో అదే లెక్క నడిచింది.

పాత మిలిటరీ జీపుకే తర్వాత ఎవరైనా పౌర జీపు చక్రం బిగించి ఉండవచ్చు కదా అని మీ మామగారు అడగవచ్చు, అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు మీరు కొలిచిన ఎనిమిదిన్నర అంగుళాల్లో ఉంది. యుద్ధ జీపు క్రౌన్ వీల్ వెడల్పు ఏడుంముప్పావు అంగుళాలే, కాబట్టి మీ చక్రం ఆ ఇరుసు పెట్టెలో పట్టదు. పౌర జీపులోనూ ముందు ఇరుసు చక్రం ఇంతకంటే చిన్నదే. ముందూ వెనకా కలిపి నాలుగు చక్రాలూ లాగే బండిలో రెండు ఇరుసుల పళ్ల లెక్క ఒక్కటే ఉండి తీరాలి, లేకపోతే ఒక ఇరుసు మరొకదానితో పెనుగులాడుతుంది. అందుకే 43, 8 అన్న అంకెలు రెండు చోట్లా కనిపిస్తాయి. బరువు ఎక్కువగా మోసే వెనక ఇరుసుకు మాత్రం పెద్ద చక్రం పెట్టారు. అందుకే మీది వెనక యాక్సిల్‌దని చెప్పగలుగుతున్నాను.

మీ మామగారి తరంవారికి జీపు అనగానే పోలీసు చర్య గుర్తుకు రావడం సహజం. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన ఆ చర్యలో, బెజవాడ వైపు నుంచి వచ్చిన దళం కోదాడ, మునగాల, సూర్యాపేట దారిన హైదరాబాదు వైపు నడిచింది. దేవరకొండ ఆ దారికి బాగా దూరం. దూరం ఒక్కటే అయితే నేను అంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు, పళ్ల లెక్కా వెడల్పూ కూడా అదే మాట చెబుతున్నాయి గనుక చెబుతున్నాను. అసలు మీ ప్రాంతానికి జీపు రావడానికి తర్వాతి కాలంలో కారణాలకు కొదవ లేదు. మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విలీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక మీ పక్కనే ఏళ్ల తరబడి ఆ పనులు నడిచాయి. పంచాయతీ సమితులు వచ్చాక సమితి జీపు, బీడీవో జీపు అన్న మాటలు ఊరూరా వినిపించాయి. సర్కారు వాడి వేలం వేసిన జీపులే, ఆ తర్వాత బస్సు రాని పల్లెల మధ్య మోయలేనంత మందిని ఎక్కించుకుని తిరిగాయి. మీ చక్రం వీటిలో దేనిదన్నది ఇనుమును చూసి తేలే విషయం కాదు, మనుషులను అడిగితే తేలుతుంది. ఆ స్థలం మీకు రాకముందు ఎవరిది, అక్కడ ఎప్పుడైనా జీపు షెడ్డో మెకానిక్ కొట్టమో ఉండేదా అని ఊళ్లో డెబ్బై దాటినవారిని అడగండి. ఆ వివరం తెలిసినవారు ఉన్నప్పుడే రాసి పెట్టుకోవడం మంచిది.

ఇంత గట్టి చక్రాన్ని ఎందుకు పారేశారన్నది మీరు అడిగినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న. క్రౌన్ వీలూ పీనియనూ ఎప్పుడూ జంటగానే పుడతాయి. ఫ్యాక్టరీలో రెండింటినీ కలిపి తిప్పి, ఒకదాని పళ్లు మరొకదాని పళ్లకు ఒదిగేటట్లు అరగదీసి, రెండింటి మీదా ఒకే జత నంబరు వేస్తారు. వేరే జతలోని పీనియన్ తెచ్చి పెడితే బండి కదిలినంతసేపూ ఊళ పెడుతుంది, త్వరలోనే పళ్లు విరుగుతాయి. అందుకే రెండింటిలో ఏ ఒక్కటి చెడినా మెకానిక్కులు రెండూ తీసేసి కొత్త క్రౌన్ పీనియన్ సెట్టు వేస్తారు. మీ చక్రానికి పక్కపక్క పళ్లు రెండు విరిగాయి కాబట్టి, బహుశా బురదలో దిగబడి గిరగిరా తిరుగుతున్న చక్రానికి ఒక్కసారిగా గట్టి నేల దొరికినప్పుడో, గేరాయిలు కారిపోయిన ఇరుసుతో బరువు లాగించినప్పుడో ఆ దెబ్బ తగిలి ఉంటుంది. ఇటువంటి ఇరుసులో పీనియన్ నడిమధ్యకు కాకుండా కాస్త కిందికి జరిగి ఉంటుంది. అందువల్ల పళ్లు దొర్లుతూనే ఒకదాని మీద ఒకటి జారతాయి. మామూలు ఆయిలు పోస్తే ఆ రాపిడికి నిలవదు, దానికోసం చేసిన తొంభై నంబరు గేరాయిలే పోయాలి. ఆ ఖర్చు దగ్గర కక్కుర్తి పడి ఇరుసు పోగొట్టుకున్నవారు చాలామంది.

తీసేసిన తర్వాత ఆ చక్రం ఎవరికీ అక్కరకు రాదు. విరిగిన కమాను పట్టీ అయితే కమ్మరి కొలిమిలో కొడవలి, గొడ్డలి అవుతుంది, యాక్సిల్ కడ్డీ గడ్డపార అవుతుంది. వాడేసిన హబ్బులు టైరు బండికి పనికొస్తాయి. ఈ క్రౌన్ వీల్‌ను మాత్రం కమ్మరి సాధారణంగా వద్దంటాడు. కొలిమిలో కాచి సాగదీయడానికి ఆ మందానికీ ఆ ఆకారానికీ పడే బొగ్గు ఖర్చు దండగ. పాత సామాను కొనేవాడు ఊళ్లోకి రాని రోజుల్లో అది గోడ మూలన పడి ఉండి, ఎప్పుడో గుంత పూడ్చే చెత్తలో, మట్టిలో కలిసిపోయి ఉంటుంది. దాచిపెట్టడానికి పూడ్చారని అనుకోనక్కరలేదు. మొక్కకు ఇబ్బంది లేకపోతే ఆ గుంతను ఇంకొక మూర వెడల్పు చేయించి చూడండి. ఎనిమిది పళ్ల పీనియన్, బేరింగు గిన్నెలు, బోల్టులు దొరికే అవకాశం ఉంది. పీనియన్ మీదా చక్రం మీదా ఒకే జత నంబరు ఉంటే, ఆ జీపు ఇరుసు విప్పిన చోటు మీ పెరడే అయి ఉండవచ్చు.

ఇక తుప్పు. మందంగా పట్టింది గనుక చాలా పాతదని అనుకోవద్దు. నీరు నిలిచే రేగడిలో కొద్ది ఏళ్లకే పెచ్చులు కడుతుంది, నీరు ఇంకిపోయే చల్కలో ఎంతో కాలం ఇనుము గట్టిగానే ఉంటుంది. శుభ్రం చేసే ముందు అంకెలన్నీ చదివి రాసుకోండి. జత నంబరు లోతుగా కొట్టింది కాకుండా పైపైన గీసినట్టుగా ఉంటుంది, గట్టిగా రుద్దితే అది పోతుంది. సాయంత్రం పూట టార్చి లైటును ఏటవాలుగా వేసి చూస్తే పగటి ఎండలో కనపడని గీతలు కూడా కనిపిస్తాయి. సుద్దముక్క రుద్ది తుడిస్తే గుంటల్లో తెలుపు మిగిలి అంకె తేలుతుంది.

తర్వాత ఒకటి రెండు రోజులు కిరసనాయిలులో నానబెట్టి, ఇత్తడి తీగల బ్రష్షుతో రుద్దండి. అది చాలకపోతే బట్టల సోడా పద్ధతి ఉంది. ప్లాస్టిక్ బకెట్టులో లీటరు నీటికి చెంచాడు చొప్పున బట్టల సోడా కలిపి, చక్రాన్ని తీగతో వేలాడదీసి, కారు బ్యాటరీ చార్జరు మైనస్ తీగను చక్రానికీ, ప్లస్ తీగను ఎదురుగా ముంచిన పనికిరాని మామూలు ఇనుప ముక్కకూ తగిలించాలి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఎదురు ముక్కగా స్టీలు గిన్నెలు, చెంచాలు ఎంతమాత్రం వాడవద్దు, స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం కరిగి ఆ నీరు విషమవుతుంది. ఈ పనిలో మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి బకెట్టు ఆరుబయటే ఉండాలి, దగ్గర బీడీ కూడా వెలిగించకూడదు, నీటిలో చెయ్యి పెట్టేముందు కరెంటు తీసేయాలి. తుప్పు మెత్తబడ్డాక కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, ఆ పూటే నూనె పూయండి. వట్టి ఇనుమును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

మ్యూజియానికి ఇవ్వాలన్న ఆలోచన ఉంటే దాని అవసరం లేదు. మీకు దగ్గర్లోని పానగల్లు మ్యూజియం శిల్పాలు, శాసనాల వంటివాటికోసం ఏర్పడింది. ఇంట్లోనే ఉంచుకుని, దొరికిన చోటు, లోతు, తేదీ ఒక కాగితం మీద రాసి దానితోపాటు పెట్టండి.

మీ ఇరుగుపొరుగువారి భయం గురించి ఒక మాట. ఈ చక్రం విషయంలో ఆ భయం అక్కరలేదు గానీ, భయపడటం తప్పు కాదు. ఎప్పుడైనా మట్టిలో మూసుకుని ఉన్న గొట్టంలాంటిది, ఒక కొన సన్నగా ఉన్నది, మొదలు దగ్గర రాగి పట్టీ చుట్టినది కనిపిస్తే అది ఫిరంగి గుండు కావచ్చు. దాన్ని కదపకుండా, నీళ్లు పోయకుండా దూరంగా జరిగి 112కు ఫోను చేయాలి. మూసి ఉన్న షాక్ అబ్జార్బరు వంటి బండి సామానును కూడా నిప్పుల్లో వేయడం, గ్యాసుతో కోయించడం ప్రమాదమే, లోపలి నూనె వేడెక్కి పగులుతుంది.

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర మా పాత ఇంటి వెనక జామ చెట్టు కింద రెండు చోట్ల వంగిన ఇనుప కడ్డీ దొరికింది. ఒక చివర పట్టుకునేందుకు పిడిలా ఉంది, రెండో చివర అడ్డంగా చిన్న చీల ఉంది. మొత్తం పొడవు మూడడుగులకు పైనే. ఇది ఆయిల్ ఇంజన్‌దా, బండిదా?
— ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: బండిదే. సెల్ఫ్ పనిచేయనప్పుడు ఇంజన్‌ను చేత్తో తిప్పి స్టార్టు చేసే హ్యాండిల్ అది. ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ పొట్టిగా ఉంటుంది, ఎందుకంటే మనిషి ఇంజన్ పక్కనే నిలబడి తిప్పుతాడు. బండి హ్యాండిల్ ముందు బంపరు దాటి, రేడియేటరు కింది నుంచి ఇంజన్ మొన దాకా చేరాలి కాబట్టి అంత పొడవు కావాలి. చివరి చీల ఇంజన్ ముందున్న ఏటవాలు గాడిలో పడుతుంది, ఇంజన్ అందుకోగానే ఆ వాలు దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఏ బండిదో తెలుసుకోవడానికి చీల పొడవు, కడ్డీ మందం, పిడి నుంచి వంపు దాకా దూరం కొలిచి పంపండి. పాత డ్రైవర్లు ఎవరైనా దాన్ని పట్టుకుని చూపిస్తే వారి బొటనవేలు గమనించండి. మిగతా నాలుగు వేళ్ల వైపే పెడతారు, పిడి చుట్టూ తిప్పరు. ఇంజన్ ఎదురు తన్నినప్పుడు బొటనవేలు విరగకుండా ఉండటానికి అలా పట్టుకునేవారు.

ప్రశ్న: జడ్చర్లలో మా స్థలం చదును చేస్తుంటే అర్ధచంద్రాకారపు ఇనుప ముక్కలు నాలుగు దొరికాయి. వంపు పైన బూడిద రంగు పట్టీ రివెట్లతో బిగించి ఉంది. పిల్లలు గీకి ఆడుకుంటున్నారు. ఏమిటివి?
— ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: బ్రేకు షూలు. వెంటనే పిల్లల దగ్గర నుంచి తీసేయండి. పాత బ్రేకు పట్టీల్లో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ల తర్వాత కూడా ప్రాణాంతక జబ్బులు వస్తాయి. వాటిని గీకడం, రుద్దడం, ఊదడం చేయవద్దు. నీళ్లతో తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పెట్టి, లోపల ఏముందో సంచి పైన రాయండి. పిల్లలు కూర్చున్న చోటును పొడి చీపురుతో ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడా అదే సంచిలో వేయండి.